తొంభై ఐదో బంతి

ఆర్లో హావర్‌కాంప్ ప్రతిదీ లెక్కపెడతాడు. ప్రతి లెక్కా తప్పుతాడు. ఈ రెండు ముక్కలూ తెలిస్తే ఆ మనిషి గురించి మా హార్లన్ ఫాల్స్ ఊరికి పందొమ్మిదేళ్లపాటు తెలిసిందంతా మీకూ తెలిసినట్టే.

అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న ఇనుప యంత్రం ఉండేది. బొటనవేలితో నొక్కితే టిక్కుమంటుంది, అంకె ఒకటి పెరుగుతుంది. గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు వాడే వస్తువు. ఆర్లో దాన్ని పెళ్లిళ్లకి తెచ్చేవాడు, అంత్యక్రియలకి తెచ్చేవాడు. ఆదివారం చర్చిలో పాస్టర్ లిండ్‌క్విస్ట్ ప్రసంగం మధ్యలో "చివరిగా ఒక్క మాట" అని ఎన్నిసార్లు అన్నాడో నొక్కుతూ కూర్చునేవాడు. బయటికి వచ్చేటప్పుడు పాస్టర్ చెయ్యి పట్టుకుని చాలా గంభీరంగా చెప్పేవాడు.

"ఇవాళ తొమ్మిదండీ, పాస్టర్‌గారూ."

"ఆర్లో, నేనన్నది నాలుగేసార్లు."

"యంత్రం అబద్ధం చెప్పదు కదండీ."

పాస్టర్ భార్య కూడా వేళ్ల మీద లెక్కపెట్టింది. నాలుగే.

ఇంతకీ ఆర్లో ఉద్యోగం ఏమిటంటే, మా మస్క్రాట్స్ బేస్‌బాల్ జట్టులో పిచర్లకి, అంటే బంతి విసిరేవాళ్లకి, కోచ్. పెద్ద నగరంలో ఉన్న పై జట్టు ఇరవై ఏళ్ల కుర్రాళ్లని మా ఊరికి పంపుతుంది. ఇక్కడ పదును పెట్టి మళ్ళీ పైకి పంపాలి. ఆ పదును పెట్టడంలో ఆర్లోకి ఒక సిద్ధాంతం ఉంది. మనిషి చేతిలో ఇన్ని విసుర్లని దేవుడు ముందే కొలిచి పోసి పంపిస్తాడట. పుట్టాక ఒక్కటి కూడా కలవదట, ఖర్చే తప్ప. అందుకని విసిరే చేత్తో ఇంకే పనీ చెయ్యనిచ్చేవాడు కాదు. పళ్లు తోముకోవడం రెండో చేత్తో. తలుపు తియ్యడం రెండో చేత్తో. వెల్డా హోటల్లో భోజనం రెండో చేత్తో.

ఎవడైనా పొరపాటున విసిరే చేత్తో ఫోర్కు పట్టుకున్నాడో, అవతలి బల్ల నుంచి టిక్కుమని వినిపించేది.

"ఒకటి," అనేవాడు ఆర్లో, తల ఎత్తకుండా.

"కోచ్, ఇది ఉడకేసిన బంగాళాదుంప, బంతి కాదు."

"భుజానికి తెలీదు నాయనా ఆ తేడా. రెండు."

ఆ కుర్రాళ్ల భోజనం చూడటానికి రెండు కళ్లూ చాలేవి కావు. బఠాణీలు గాల్లోకి లేచేవి. గ్రేవీ మెడ వెనక్కి పోయేది, ఎలా పోయేదో ఎవరికీ తెలీదు. గ్రేవీ మరకలున్న చొక్కా చూసి మా ఊరి ఆడపిల్లలు వీడు పిచర్ అని గుర్తుపట్టేవాళ్లు. హోటల్ యజమానురాలు వెల్డా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది.

"ఏమయ్యా ఆర్లో, నీ పిల్లలు తిని లేచాక నేను కడగాల్సింది బల్లా, పైకప్పా?"

"పైకప్పు మీద మూడు మరకలే ఉన్నాయి వెల్డా."

"ఒకటి!"

"మూడు," అని యంత్రం చూపించేవాడు.

ఇక నా సంగతి. నా పేరు నార్బర్ట్ క్లాసన్. నట్లు, మేకులు, రంగులు అమ్మే కొట్టు నాది. ఆట ఉన్న రోజుల్లో జట్టుకి స్కోరు రాసేవాణ్ణి కూడా నేనే. ముప్ఫై ఏళ్లు రాశాను. నా పుస్తకంలో పడిన ప్రతి బంతికీ ఒక పెన్సిలు చుక్క ఉంటుంది. ఎండైనా వానైనా, నాకు దగ్గొచ్చినా, ఒక్క చుక్క తప్పలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

ఆ చుక్కలకీ ఆర్లో టిక్కులకీ చచ్చినా పొత్తు కుదిరేది కాదు. నాది అరవై రెండైతే అతనిది డెబ్భై ఎనిమిది. అప్పుడప్పుడు రెండూ సరిపోయేవి కానీ అవి నేను పట్టించుకోలేదు, తప్పినవే గుర్తుండేవి. ఆర్లో ఎప్పుడూ ఎక్కువే చెప్పేవాడు తప్ప తక్కువ చెప్పిన పాపాన పోలేదు. ఇంకా కడుపుమంట ఏమిటంటే ఆ యంత్రాలు కొన్నది నా కొట్లోనే.

"నార్బర్ట్, ఇది కూడా పాడైనట్టుంది, ఇంకోటి ఇయ్యి."

"ఏరా, అది తెచ్చి మూడు నెలలు కాలేదు. యంత్రం బాగానే ఉంది. నీ బొటనవేలికే వణుకు."

"అయితే బొటనవేలు అమ్ముతావా?"

"అమ్మితే నీకు రెండు ఇచ్చి మూడని చెప్పాలి."

నిజం చెప్పొద్దూ, నాకు లోపల చాలా చిన్నతనంగా ఉండేది. ఎందుకంటే పై జట్టు నిబంధనల ప్రకారం నా చుక్కలకి విలువ లేదు. ఆర్లో టిక్కే శాసనం. ఆ యంత్రం తొంభై ఐదు చూపిస్తే పిచర్ ఎంతటి మొనగాడైనా బంతి ఇచ్చేసి దిగాల్సిందే. తొంభై దాటిన ప్రతివాడికీ పది రోజులు విశ్రాంతి. ఆ పది రోజులూ బంతి ముట్టకూడదు.

ఇప్పుడు పై జట్టు కష్టం చెప్పాలి. అది నవ్వే విషయం కాదు. పద్నాలుగేళ్లుగా ఆ జట్టు సొంత గడ్డ మీద ఒక్క పిచర్ని పండించుకోలేకపోయింది. కొట్టేవాళ్లు పండారు, పరిగెత్తేవాళ్లు పండారు, విసిరేవాడు మాత్రం ఒక్కడూ నిలబడలేదు. ఇక్కణ్ణుంచి నిక్షేపంగా బస్సెక్కిన కుర్రాడు పైకి వెళ్లిన ఏడాదికల్లా మోచేయి కోయించుకుని ఇంటికి పోయేవాడు. హ్యాంక్ బౌడ్రీ ఇప్పుడు గ్యాస్ బండి తోలుతున్నాడు. లూథర్ మీక్స్ కూతుర్ని ఎత్తుకోవాలంటే ఎడమ చేత్తోనే ఎత్తుకుంటాడు. ఆర్లో నేర్పినట్టే చేస్తున్నాడని మేం మొదట్లో నవ్వాం. తర్వాత తెలిసింది, కుడిచెయ్యి లేవదని. ఆ రోజు నుంచి ఆ మాట మీద ఎవరమూ నవ్వలేదు.

తప్పు ఎవరిదో తేల్చడానికి పై ఆఫీసు నాలుగుసార్లు మనుషుల్ని మార్చింది. మారనిది ఆర్లో ఒక్కడే. కాబట్టి తప్పు ఆర్లోదే అయ్యుండాలని వాళ్లకి తోచింది.

ఆ వేసవిలో నెబ్రాస్కా నుంచి ఏమోస్ ట్రెడ్‌వే వచ్చాడు. మొక్కజొన్న రైతుల పిల్లాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. బంతి విసిరితే పట్టుకునేవాడి చేతిలో చప్పుడు ముందు వినిపించి బంతి తర్వాత కనిపించేది. మాట వినే రకం మాత్రం కాదు. హోటల్లో అందరూ రెండో చేత్తో కుస్తీ పడుతుంటే వీడు మాత్రం కుడిచేత్తో హాయిగా మాంసం కోసుకు తినేవాడు.

"పదకొండు," అనేవాడు ఆర్లో.

"మీరు లెక్కపెట్టుకోండి కోచ్, నేను తింటా. ఒక్క చేత్తో మా నాన్న నలభై ఏళ్లు గడ్డి మోపులు విసిరాడు."

"మీ నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడా?"

"భేషుగ్గా ఉన్నాడు."

"అయితే మీ అమ్మ పోలికేమో నువ్వు. పన్నెండు."

ఊరంతా ఈ సరదా చూడటానికే వెల్డా హోటల్‌కి వచ్చేది. వెల్డా ఆ వేసవిలో కొత్తగా ఆరు కుర్చీలు వేయించింది.

జులై నెలాఖర్లో పై ఆఫీసు నుంచి ప్రెస్టన్ కీల్ అనే అధికారి దిగాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, ఆ ఎండలో టై కట్టుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు. పైవాళ్లు ఇతన్ని తొందరపెడుతున్నారు, ఇతను అందర్నీ తొందరపెడుతున్నాడు. పై జట్టు పిచర్లలో ఇద్దరు మళ్ళీ పడకేశారు. శనివారం మధ్యాహ్నం ఆటలో ఏమోస్ బాగా విసిరితే గురువారం వాణ్ణి పైకి తీసుకుపోయి పెద్ద మైదానంలో దింపుతామన్నాడు. పద్నాలుగేళ్ల తర్వాత మన గడ్డ మీద పండిన పిచర్ అని పత్రికలవాళ్లకి చెప్పడం కూడా అయిపోయింది.

శనివారం మైదానంలో నిలబడటానికి చోటు లేదు. ఏమోస్ మొదటి ఇన్నింగ్స్‌లో బ్యాటు పట్టిన ముగ్గుర్నీ ఔట్ చేసి పంపించాడు. రెండోదాంట్లో ముగ్గుర్నీ. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి అవతలి జట్టు ఒక్క హిట్ కూడా కొట్టలేదని, అంటే బంతి కొట్టి క్షేమంగా పరిగెత్తి నిలబడినవాడు ఒక్కడూ లేడని, అందరికీ అర్థమైంది. ఆ సంగతి మాత్రం ఎవరూ నోరెత్తి అనలేదు. మా ఆటలో అదొక కట్టుబాటు. తొమ్మిది ఇన్నింగ్స్ అలా హిట్ లేకుండా గడిస్తే అది పిచర్ జన్మకో పండగ. అది జరుగుతున్నంతసేపూ దాని పేరు ఎత్తకూడదు, ఆ పిచర్‌తో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు. మాట్లాడితే దిష్టి తగులుతుంది. మైదానం పక్కన ఆటగాళ్లు కూర్చునే బల్ల చివర ఏమోస్ ఒక్కడే కూర్చున్నాడు. తతిమ్మావాళ్లంతా రెండో చివర ఒకడి మీదొకడు పడి కూర్చున్నారు. నీళ్లు అందించాల్సి వస్తే గ్లాసు బల్ల మీద పెట్టి వేళ్లతో నెట్టారు. నా పక్కనున్న రేడియో అతను నాలుగో ఇన్నింగ్స్ నుంచి వాతావరణం గురించి మాత్రమే మాట్లాడాడు.

ఆరు ఇన్నింగ్స్ అయ్యాయి. మూడు-సున్నా, మేమే ముందున్నాం. నా పుస్తకంలో ఏమోస్ పేరు కింద డెబ్భై ఒక్క చుక్కలు.

అప్పుడు ఆర్లో లేచాడు. తాపీగా బల్ల పొడుగునా నడిచి ఏమోస్ పక్కన కూర్చున్నాడు. మైదానం అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆర్లో యంత్రం తీసి వాడికి చూపించాడు.

"తొంభై ఐదు నాయనా. ఇవాళ్టికి చాలు."

ఏమోస్ ఆ అంకె వంక చూశాడు, ఆర్లో ముఖంలోకి చూశాడు. తర్వాత చేతితొడుగు తీసి గోడకేసి కొట్టాడు. కోపం కోపంగానే ఉంది కానీ ఆ కోపం కింద మరేదో ఉంది. అదేమిటో అంత దూరం నుంచి నాకు అంతుపట్టలేదు.

తర్వాత దిగిన పిచర్ రెండో బంతికే హిట్ ఇచ్చాడు. మేం ఐదు-మూడుతో ఓడిపోయాం. మా ఊళ్ళో జనం మర్యాదస్తులు, అయినా ఆ రోజు ఆర్లో తల మీద రొట్టెలు పడ్డాయి, ఆవాల సాసు పడింది. పాస్టర్ లిండ్‌క్విస్ట్ నోట వచ్చిన మాట నేను ఇక్కడ రాయను. ఆర్లో మెట్లెక్కి పోతూ టిక్కు టిక్కుమని నొక్కుకున్నాడు.

"తొమ్మిది రొట్టెలు," అన్నాడు నా ముందు నుంచి వెళ్తూ.

ఐదే పడ్డాయి.

సాయంత్రం ఐదింటికి ప్రెస్టన్ నా దగ్గరికి వచ్చాడు. సగం ఆటసేపు అతను టెలిఫోన్ దగ్గరే ఉన్నాడు, బంతులు లెక్కపెట్టలేదు.

"మిస్టర్ క్లాసన్, మీరు ప్రతి బంతికీ చుక్క పెడతారట కదా. ఇవాళ ఆ కుర్రాడు ఎన్ని విసిరాడు?"

నా నోటి చివర దాకా వచ్చింది అంకె. పందొమ్మిదేళ్లుగా ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసిన ప్రశ్న అది. ఎందుకు ఆగానో నాకే తెలీదు. గోడకేసి కొట్టిన ఆ తొడుగే కళ్లముందు కదిలింది. ఏమోస్ దాన్ని ఎడమచేత్తో కొట్టాడు.

"ఎందుకడుగుతున్నారు?" అన్నాను.

"అది తొంభై లోపు అయితే కుర్రాడు గురువారం పైకొస్తాడు. ఆ ముసలాయన సోమవారం ఇంటికెళ్తాడు. తొంభై దాటితే నేను చెయ్యగలిగింది లేదు, నిబంధన నిబంధనే."

"ఇంటికెళ్లి మొదటి నుంచీ కూడి చూడాలండీ. రేపు పొద్దున వెల్డా హోటల్లో చెబుతాను."

"డెబ్భయ్యా ఎనభయ్యా కూడటానికి రాత్రంతా పడుతుందా?"

"నాకు తొందర కూడికలు రావండీ," అన్నాను. జీవితంలో అంతకన్నా పెద్ద అవమానం నాకు నేను చేసుకోలేదు.

ఇంటికెళ్లి నేలమాళిగలోంచి పందొమ్మిదేళ్ల పుస్తకాలూ పైకి తెచ్చాను. నా భార్య ఐరీన్ వంటింటి బల్ల మీదున్నవన్నీ పక్కకి జరిపింది. నేను నా చుక్కలు చదివాను, ఆమె ఆర్లో అంకెలు చదివింది. ప్రతి ఆటకీ ఆ అంకె కూడా పక్కన రాసి పెట్టాను, ఎప్పటికైనా వాడి ముఖాన కొడదామని.

గంటన్నర అయ్యాక ఐరీన్ కళ్లజోడు తీసింది.

"నార్బర్ట్, ఈ మనిషికి లెక్క రాకపోతే అందరికీ తప్పాలి కదా?"

"తప్పాడు కదా?"

"లేదు. హ్యాంక్ బౌడ్రీకి మే నెలంతా సరిగ్గా చెప్పాడు. జూన్‌లో పద్నాలుగు ఎక్కువ, తర్వాత పద్దెనిమిది, ఇరవై రెండు. ఆ పైన జలుబని రెండు వారాలు ఆడించలేదు. ఆగస్టులో మళ్ళీ సరిగ్గా. జలుబు తగ్గితే లెక్క కుదురుతుందా?"

లూథర్ మీక్స్‌దీ అంతే. ఒక నెల సరిగ్గా, ఒక నెల ఎక్కువ, మధ్యలో ఏదో ఒక జలుబు, ఏదో ఒక మేనత్త చావు. ఆ మేనత్త మూడుసార్లు చచ్చిపోయింది. నేను మూడుసార్లూ రాసుకున్నాను, ఒక్కసారీ ఆలోచించలేదు. ఇంకో సంగతి అప్పుడే తట్టింది. పందొమ్మిదేళ్లలో మా ఊళ్ళో ఒక్కడి మోచేయి కూడా చెడలేదు. చెడినవన్నీ పైకి వెళ్లాక చెడినవే. ఇక్కడ జరగనిదాన్ని గురించి ఎవరు మాత్రం ఎందుకు ఆరా తీస్తారు? ముప్ఫై ఏళ్లు చుక్క తప్పకుండా రాసిన నేను, రాసిందేమిటో ఒక్కసారి చదువుకోలేదు. నాకు చాలా సిగ్గేసింది.

ఆదివారం తెల్లవారగానే ఆర్లో ఇంటికి వెళ్లాను. పెరట్లో బీట్‌రూట్ దుంపలు పీకుతున్నాడు, ఎడమచేత్తో.

"డెబ్భై ఒకటి," అన్నాను.

అతను దుంప మట్టి దులిపాడు. "నేను తొంభై ఐదు పీకాననుకున్నానే."

"ఆర్లో, నాతో వద్దురా. పుస్తకాలన్నీ చూశాం, నేనూ ఐరీనూ."

ఆర్లో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఐరీన్ చూసిందా? అయితే దాచి లాభం లేదు."

"ఏమోస్ మోచేయి నొప్పి అని నీకు చెప్పాడా?"

"ఎవడు చెబుతాడు? చెప్పేవాడు పిచర్ అవుతాడా? రెండు వారాలుగా వాడు ఎడమచేత్తో తింటున్నాడు. చూళ్లేదా నువ్వు?"

నేను చూడలేదు. ఊరంతా రోజూ వెల్డా హోటల్లో కూర్చుని ఆ సరదా కోసమే ఎదురుచూసింది. వాడు రెండు వారాలుగా కిక్కురుమనకుండా ఎడమచేత్తో తింటుంటే, ఆర్లో మాట వింటున్నాడు పాపం, దారికొచ్చాడు అనుకున్నాం.

"మరి నొప్పి అని పైవాళ్లకి రాయొచ్చు కదరా."

"నొప్పి అని ఒక్కసారి రాస్తే ఆ కాగితం జన్మంతా వాడి వెనకాలే తిరుగుద్ది. పగిలిన కుండని ఎవరూ కొనరు. నా ఇరవై ఒకటో ఏట నేను మా కోచ్‌కి నొప్పి అని చెప్పా. గంటలో బస్సు టిక్కెట్టు చేతిలో పెట్టాడు. ఇంకో ఊళ్ళో చెప్పకుండా ఆడా. ఇప్పుడు తల దువ్వుకోలేను." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "ఎక్కువ విసిరాడు, అలిసిపోయాడు అంటే ఎవరికీ అనుమానం రాదు. పది రోజులు పడుకుంటాడు. ముదరకుండా ఉంటే వాటంతటవే తగ్గుతాయి ఆ నొప్పులు."

"సరే. మరి పాస్టర్ ప్రసంగాలేం పాపం చేశాయి? వెల్డా పైకప్పు మరకలు? నిన్నటి రొట్టెలు?"

ఆర్లో నన్ను జాలిగా చూశాడు.

"అన్నీ తప్పు లెక్కపెడితేనే కదరా, కావాల్సినది తప్పినప్పుడు ఎవరూ పట్టించుకోరు? పందొమ్మిదేళ్లు, నార్బర్ట్. ఎంత కష్టమో నీకేం తెలుసు. ముందు సరిగ్గా లెక్కపెట్టాలి, తర్వాత దాన్ని చెడగొట్టాలి. చర్చిలో ఒక్క వాక్యం ప్రశాంతంగా విన్నది లేదు."

నేను నవ్వానో, కళ్లు తుడుచుకున్నానో ఆ బీట్‌రూట్లకే తెలియాలి.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. ఇరవై నాలుగు చుక్కలు కావాలి. ఎక్కడ పెట్టను? బంతి వృథా అయిందని పెడితే లెక్క మారుతుంది, కొట్టేవాడు తప్పాడని స్ట్రైక్ పెడితే ఆటే మారుతుంది. ఐరీన్ పెన్సిలు చెక్కి ఇస్తూ ఒకే ఒక్క మాట అంది.

"ఫౌళ్లు."

ముప్ఫై ఏళ్లు నా పక్కన కూర్చుని ఆట చూసిన మనిషి మరి! బ్యాటుకి తగిలిన బంతి గీత బయటికి పోతే ఫౌల్. మూడు స్ట్రైకులకి ఔట్, కానీ రెండు పడ్డాక కొట్టేవాడు ఎన్ని ఫౌళ్లు కొట్టినా ఆట ఉన్నచోటే ఉంటుంది, విసిరేవాడు మాత్రం మళ్ళీ విసరాలి. ఒకడికి రెండు, ఒకడికి మూడు చొప్పున సర్దాను. మొదటి చుక్క రెండుసార్లు చెరిపి మళ్ళీ పెట్టాను. ముప్ఫై ఏళ్ల నిజాయితీ అది. ఇరవై నాలుగో చుక్క దగ్గరికి వచ్చేసరికి చెరపడం మానేశాను. నేను పెన్సిలు పట్టుకుని ఉండగా ఐరీన్ టెలిఫోన్ పట్టుకుని ఊళ్ళోవాళ్లని ఒక్కొక్కర్నీ పిలిచింది.

తొమ్మిదింటికి ప్రెస్టన్ వెల్డా హోటల్లో నా ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకం తిప్పి చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క చుక్కా లెక్కించాడు.

"తొంభై ఐదు." అతని ముఖం వాడిపోయింది. "ఇన్ని ఫౌళ్లా? నేను చూసినంతసేపూ అయిదారు కూడా లేవే!"

"మీరు టెలిఫోన్ దగ్గర ఉన్నప్పుడు వచ్చాయి సార్," అంది వెల్డా, కాఫీ పోస్తూ. "ఒకటైతే వచ్చి నా కిటికీకి తగిలింది. అద్దం భళ్లున పగిలింది."

"మైదానం ఇక్కడికి మైలున్నర దూరం కదమ్మా?"

"గాలి సార్. నిన్న గాలి మామూలుగా లేదు."

"అద్దం బాగానే ఉందే?"

"నిన్న సాయంత్రమే మార్పించా. నార్బర్ట్ కొట్లోనే కొన్నా."

వెనక బల్ల నుంచి ఒకాయన తన ట్రాక్టరు దీపం పోయిందన్నాడు. ఇంకొకాయన తన ఆవు బెదిరి పాలివ్వడం మానేసిందన్నాడు. నిన్న ఆర్లో మీద రొట్టెలు విసిరినవాళ్లే వీళ్లంతా. చివరికి పాస్టర్ లిండ్‌క్విస్ట్ లేచి నిలబడ్డాడు.

"నాకు రెండు బంతులు దొరికాయి బాబూ," అన్నాడు. కూర్చుంటూ నా వైపు వంగి గొణిగాడు, "ప్రార్థనకి ఇంకా గంట ఉంది కదా, ఈ పాపం సంగతి అక్కడ చూసుకుంటాను."

ప్రెస్టన్ అందరి ముఖాలూ ఒకసారి పరకాయించి చూశాడు. మూల బల్ల దగ్గర ఏమోస్ ఎడమచేత్తో గుడ్డు తింటున్నాడు, పచ్చసొన గడ్డం మీంచి కారుతోంది. ప్రెస్టన్ చూపు అక్కడ కాసేపు ఆగింది. అతనికి ఎంత అర్థమైందో నాకు తెలీదు. పుస్తకం మూసి నా వైపు జరిపాడు.

"నిబంధన నిబంధనే," అన్నాడు. టై కొంచెం వదులు చేసుకుని వెల్డాని పాన్‌కేకులు అడిగాడు.

పది రోజులు ఏమోస్ బంతి ముట్టలేదు. ఆ తర్వాత వాడికి జలుబు చేసింది. ఆ తర్వాత ఒక మేనత్త పోయింది. సెప్టెంబరులో ఒకరోజు మధ్యాహ్నం వాడు కుడిచేత్తో ఫోర్కు పట్టుకుని మాంసం కోశాడు. అవతలి బల్ల నుంచి టిక్కుమని వినిపించింది. హోటల్ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఏమోస్ మాత్రం ఫోర్కు కింద పెట్టి, వెళ్లి ఆర్లో పక్కన నిలబడ్డాడు.

"పదమూడు," అన్నాడు ఆర్లో. "పో, చల్లారిపోద్ది."

మరుసటి ఏడాది వాడు పైకి వెళ్లాడు. ఇప్పటికి పదకొండేళ్లు, ఇంకా విసురుతూనే ఉన్నాడు. సొంత గడ్డ మీద పిచర్లని పండించడం ఎలా అనే విషయం మీద ప్రెస్టన్ కీల్ ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చాడు. అందులో ఆర్లో పేరు లేదు. ఆర్లోకి ఆ సంగతి చెబితే ఉపన్యాసం ఎన్ని నిమిషాలని అడిగాడు.

పెద్ద మైదానంలో ఏమోస్ మొదటిసారి దిగిన ఆదివారం, ఊరంతా వెల్డా హోటల్లో టీవీ ముందు చేరింది. నేనూ, ఐరీనూ, ఆర్లోనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. నా ముందు పాన్‌కేకులు, పక్కన స్కోరు పుస్తకం. ఆర్లో చేతిలో యంత్రం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఏమోస్ దిగిపోతూ కుడిచెయ్యి తల మీదికి పూర్తిగా ఎత్తి జనానికి ఊపాడు. ఆర్లో ముక్కు చీదుకున్నాడు.

"ఎంత?" అన్నాను.

"నువ్వు ముందు చెప్పు."

"తొంభై రెండు."

యంత్రం నా వైపు తిప్పాడు. తొంభై రెండు. పందొమ్మిదేళ్లూ, పైన ఒకటీ. ఇంతకాలానికి ఇద్దరికీ ఇష్టపూర్వకంగా లెక్క కుదిరింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఫోర్కు తీసుకుని ఇంకో పాన్‌కేకు గుచ్చాను.

టిక్.

"అయిదు," అన్నాడు ఆర్లో.

నేను తిన్నవి రెండు. ఇది మూడోది. ఇంకా ఈ తప్పుడు లెక్కలెందుకురా, ఇప్పుడు నాతో నీకు దాపరికం ఏముంది అని అడగబోయి ఆగాను. అప్పటికి రెండేళ్ల కిందట డాక్టరు నాకు షుగర్ అని చెప్పాడు. సరిగ్గా రెండేళ్లుగానే ఆర్లో నా పాన్‌కేకులు లెక్కపెడుతున్నాడు. డాక్టర్ చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసింది ఐరీన్‌కి ఒక్కదానికే. ఆమె కేసి చూశాను. ఆమె ఎన్నడూ పగలని ఆ కిటికీ అద్దంలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూస్తోంది.

ఫోర్కు కింద పెట్టాను.